పొట్టివాళ్ళు మొదటి బండి కొనేముందు: ఆగినప్పుడు నిలబెట్టగలరా అని చూసుకోండి

నా ఎత్తు 154 సెంటీమీటర్లు. మొదటి మోటార్‌సైకిల్ కొన్న పదకొండో రోజున ఒక కూడలి దగ్గర ఆగాను. అప్పుడే వాన వెలిసింది. ముందున్న కారు ఆగింది, నేనూ బ్రేకు వేశాను, బండి మెల్లగా ఆగింది. ఎడమ కాలు కింద పెట్టబోతే నేల తగల్లేదు. అక్కడ రోడ్డు అంచు నాలుగు వేళ్ళంత పల్లంగా ఉంది, అంతే. ఆ నాలుగు వేళ్ళ లోతు కోసం నా బొటనవేలు వెతుక్కునేలోపు బండి ఎడమ వైపు ఒరిగింది. ఒరగడం మొదలైనప్పుడు బరువే తెలియలేదు. కొంత ఒరిగాక మాత్రం హ్యాండిల్‌ని ఎవరో కిందికి లాక్కున్నట్టయింది. క్లచ్ లివర్ చివర విరిగింది. చీలమండ బండి కింద ఇరుక్కుంది. వెనకాల ఆగినవాళ్ళు ఇద్దరు వచ్చి బండిని లేపారు.

ఆ సాయంత్రమంతా నాకు బండి నడపడం చేతకాదేమో అనే బాధపడ్డాను. అది నిజం కాదు. పది రోజులుగా ట్రాఫిక్‌లో బాగానే నడిపాను. నేను తప్పు చేసింది కొనేటప్పుడు. షోరూమ్‌లో నున్నటి టైల్స్ మీద, సేల్స్ అబ్బాయి వెనక పట్టుకుని ఉంటే, రెండు కాళ్ళ మునివేళ్ళూ ఆనుతున్నాయి కదా అని ఒప్పేసుకున్నాను. బండిని నా అంతట నేను నిలబెట్టగలనా అని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ బండిని నాలుగు నెలలకే అమ్మేశాను. రెండో బండి ఆరేళ్ళుగా నాతోనే ఉంది. సెలవు రోజుల్లో పొద్దున్నే ఖాళీ గ్రౌండులో కొత్తవాళ్ళకి నడపడం నేర్పిస్తుంటాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నా ఎత్తువాళ్ళే. "అక్కా, నా ఎత్తుకి ఏ బండి సరిపోతుంది?" అనేదే వాళ్ళ మొదటి ప్రశ్న. దానికి ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు.

కదిలే బండికి మీ ఎత్తుతో పనిలేదు

ముందుగా ఒక భయం తీసేద్దాం. స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా ఎత్తు 158 సెంటీమీటర్లు. 2003లో 125 సీసీ, 2004, 2005 సంవత్సరాల్లో 250 సీసీ ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. ఆ తర్వాత మోటార్‌సైకిల్ రేసుల్లో అన్నిటికన్నా పై తరగతి అయిన మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. ఆ రేసు బండ్లు 200 హార్స్‌పవర్ దాటినవి. బండి కాస్త వేగంగా కదులుతున్నంతసేపూ తనను తాను నిలబెట్టుకుంటుంది, మన కాళ్ళ పొడుగు దానికి అవసరం లేదు.

అవసరం పడేది మూడు చోట్ల. బండి ఆగే చివరి రెండు సెకన్లలో, సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నంతసేపు, ఇంజన్ ఆపి బండిని చేతులతో తోసుకునేటప్పుడు. పొట్టివాళ్ళు బండి పడేసుకోవడం నేను చూసిన ప్రతిసారీ ఈ మూడింటిలో ఒకటే. అందుకే బండి ఎంచుకునేటప్పుడు కూడా ఈ మూడింటినే పరీక్షించాలి. మైలేజీ, పికప్, అందం అన్నీ ఆ తర్వాతే.

నా చేతుల్లోంచి బండి ఎందుకు జారిపోయిందో తర్వాత లెక్క వేసుకున్నాను. 180 కిలోల బండి, దాని బరువంతా ఒకచోట పోగైనట్టుండే బిందువు నేలకి అర మీటరు ఎత్తులో ఉందనుకోండి. మీరు పట్టుకునే హ్యాండిల్ మీటరు ఎత్తులో ఉంటుంది. బండి 5 డిగ్రీలు ఒరిగితే దాన్ని ఆపడానికి సుమారు 8 కిలోల బలం చాలు. 15 డిగ్రీలకి అది 23 కిలోలు. 30 డిగ్రీలకి 45. అంటే మొదట్లో ఒక్క చేత్తో ఆపగలిగేది, ఇంకాస్త ఒరిగేసరికి ఎవరి వల్లా కాదు. పొడుగు కాళ్ళవాళ్ళకి బండి కాస్త ఒరగగానే కాలు ఆనుతుంది, కాబట్టి వాళ్ళు ఆ 8 కిలోల దగ్గరే ఆపేస్తారు. మన కాలు ఆనేసరికి బండి ఇంకొంచెం ఒరిగి ఉంటుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. ఇదే లెక్క 112 కిలోల బండికి వేస్తే 15 డిగ్రీల దగ్గర కూడా 15 కిలోల లోపే. అందుకే నా మాటల్లో సీటు ఎత్తు కంటే బరువు ఎక్కువ సార్లు వస్తుంది.

ముందు మిమ్మల్ని కొలుచుకోండి

మీ మొత్తం ఎత్తు కంటే ముఖ్యమైనది కాలి లోపలి కొలత. చెప్పులు తీసేసి గోడకి వీపు ఆనించి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి అదమండి. పుస్తకం వెనక అంచు గోడకి సరిగ్గా ఆనాలి. పై అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, నేల నుంచి టేపుతో కొలవండి. నాది 69 సెంటీమీటర్లు, అంటే 690 మిల్లీమీటర్లు. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలత నాలుగైదు సెంటీమీటర్లు తేడా ఉండడం నేను చూశాను. కాబట్టి "మా చెల్లెలు నీ అంతే ఉంటుంది, తను ఫలానా బండి నడుపుతుంది" అనే మాటని పట్టుకుని వెళ్ళకండి.

ఇప్పుడు బ్రోచర్‌లో సీటు ఎత్తు 790 అని ఉందనుకోండి. 690 కొలత ఉన్న నాకు అది పది సెంటీమీటర్లు ఎక్కువ, ఇక కుదరదు అనిపిస్తుంది. నిజానికి అంత దూరం ఉండదు. ఆ సంఖ్య ఖాళీ బండిది. మనిషి కూర్చోగానే షాకబ్జర్లు రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి. షూ అడుగు ఇంకో రెండున్నర, మూడు సెంటీమీటర్లు కలుపుతుంది. మడమ ఎత్తి మునివేళ్ళ మీద ఉంటే ఇంకో ఐదారు. కూడితే అందినట్టే. కానీ అందులోంచి సీటు వెడల్పు కొంత లాగేసుకుంటుంది. కాళ్ళు పక్కలకి చాపాల్సి వచ్చే కొద్దీ అందే పొడుగు తగ్గుతుంది.

అందుకే సీటు ముందు భాగం, అంటే ట్యాంకుకి ఆనుకున్న చోటు, ఎంత సన్నగా ఉందో చూడండి. నిలబడేటప్పుడు మన తొడలు ఉండేది అక్కడే. ముందు సన్నగా ఉన్న 800 సీటు, వెడల్పాటి 770 సీటు కంటే నాకు బాగా అందిన సందర్భాలున్నాయి. స్కూటర్ నుంచి మారేవాళ్ళు ఇది వెంటనే గ్రహిస్తారు. స్కూటర్ సీటు సంఖ్యలో తక్కువే, కానీ కాళ్ళు పెట్టే ఫ్లోర్ బోర్డు వెడల్పు వల్ల పాదం దూరంగా వేయాలి. అలా అలవాటైనవాళ్ళకి సన్నటి మోటార్‌సైకిల్ అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంటుంది.

ఒకే సంఖ్య, వేరే బండి

హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. కవాసాకి నింజా 400 సీటు ఎత్తూ 785. మొదటిది 112 కిలోలు, రెండోది 168. కాగితం మీద రెండూ ఒకే ఎత్తు, సిగ్నల్ దగ్గర మాత్రం 56 కిలోల తేడా. ఇంకో వైపు కవాసాకి వల్కన్ ఎస్ ఉంది. సీటు 705 మాత్రమే, నాలాంటివాళ్ళకి రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి. కానీ బరువు 230 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. కూర్చుంటే ఎంతో ధైర్యంగా ఉంటుంది, దిగి వెనక్కి తోయాలంటే ఆ ధైర్యం నిలవదు. హోండా రెబెల్ 300 సీటు 690, బరువు 170 చుట్టూ. తక్కువ సీటు, మోయగలిగే బరువు రెండూ కలిసిన బండి కాబట్టి దొరికే చోట ఉన్నవాళ్ళకి నేను ముందుగా దాన్నే చూడమంటాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు 765, బరువు 191. క్లాసిక్ 350 సీటు 805, బరువు 195. ఈ రెండింటికీ సీటులో నాలుగు సెంటీమీటర్ల తేడా ఉంది, మనకి అది చాలా పెద్ద తేడా.

బరువు చూసేటప్పుడు అది కర్బ్ వెయిట్, అంటే పెట్రోలు, ఆయిల్ అన్నీ పోసిన బరువు అవునో కాదో అడగండి. కొన్ని చోట్ల అవేమీ లేని బరువు రాస్తారు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో ఉంటుంది. 15 లీటర్ల ట్యాంకు నిండితే 11 కిలోలు, అదీ బండి పైభాగంలో. నేర్చుకునే మొదటి నెల నేను ట్యాంకు సగమే నింపమంటాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నా ఎత్తువాళ్ళ మొదటి బండి 150 కిలోల లోపు ఉంటే మంచిది, 170 దాకా ఫర్వాలేదు. అంతకు మించితే సీటు బాగా తక్కువగా ఉంటేనే చూడండి. 190 కిలోల బండి మీద మనసు పడితే అది రెండో బండిగా తీసుకోండి. ఏడాది తర్వాత అదే బండి మీకు ఇంకో రకంగా కనిపిస్తుంది.

షోరూమ్‌లో చేయాల్సింది

మీరు రోజూ వేసుకోబోయే షూ వేసుకుని వెళ్ళండి. అరగంట తీరిక చేసుకుని వెళ్ళండి. తొందరపెట్టే చోట కొనకండి.

మొదట, పట్టుకున్నవాళ్ళని వదలమనండి. కాస్త దూరంగా నిలబడితే చాలు, బండి మీద చెయ్యి ఉండకూడదు. సైడ్ స్టాండ్ మీదున్న బండిని ఎడమ పక్క నుంచి ఎక్కండి, ముందు బ్రేకు పట్టుకునే ఎక్కండి. నిటారుగా లేపండి. స్టాండ్ మీద నుంచి బండిని నిటారుగా తేవడం కష్టంగా ఉంటే, ఆ కష్టం రోజూ నాలుగైదు సార్లు ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండు కాళ్ళూ ఆనుతున్నాయా అనే ప్రశ్న పక్కన పెట్టండి. తుంటిని సీటు మీద ఎడమ వైపుకి మూడు నాలుగు వేళ్ళంత జరపండి. కుడి పాదం ఎత్తి వెనక బ్రేకు మీద పెట్టండి. ఎడమ పాదం ఎంతవరకు ఆనింది? వేళ్ళ కింద ఉండే మెత్తటి భాగం పూర్తిగా ఆని, మోకాలు కాస్త వంగి ఉంటే ఆ బండి మీకు సరిపోయినట్టే. మడమ ఆనాల్సిన పనిలేదు. బొటనవేలి కొస మాత్రమే ఆనుతుంటే, మోకాలు కర్రలా బిగుసుకుపోతే వద్దు. ఆ కాలికి తన్నుకుని నిలబడే శక్తి ఉండదు. నేను పడ్డ రోజు నా కాలు అలాగే ఉంది.

అలాగే ఒంటి కాలి మీద ఉండి రెండు నిమిషాలు ఆగండి. సిగ్నల్ దగ్గర అంతసేపు నిలబడాల్సి వస్తుంది కదా. కాలి పిక్క వణుకుతుంటే మీ శరీరమే సమాధానం చెప్పినట్టు.

తర్వాత బండిని కావాలనే ఎడమకి కొంచెం, రెండు మూడు డిగ్రీలు, ఒరగనివ్వండి. మళ్ళీ తుంటితో, కాలితో నిటారుగా తెండి. ఇంకో మనిషిని కుడి పక్క దగ్గరగా నిలబెట్టి అటు వైపు కూడా చేయండి. ఇది చాలామంది చేయరు. సిగ్గుపడతారు. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ తెలిపే పరీక్ష ఇదే, ఎందుకంటే ఇందులో ఎత్తు, బరువు, వెడల్పు అన్నీ ఒకేసారి బయటపడతాయి.

హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. దూరంగా వెళ్ళిన చెయ్యి పట్టు వదలకుండా, తుంటి సీటు నుంచి లేవకుండా ఉందా? యూ టర్న్ తీసుకునేటప్పుడు ఆ చెయ్యే క్లచ్‌నో యాక్సిలరేటర్‌నో నడపాలి. పొట్టివాళ్ళకి చేతులు కూడా కాస్త పొట్టిగా ఉండొచ్చని ఎవరికీ తట్టదు. వేళ్ళూ అంతే. క్లచ్ లివర్‌ని రెండు కణుపుల వరకు పట్టుకోగలుగుతున్నారా, వేళ్ళ కొసలతో లాగుతున్నారా చూడండి. కొన్ని బండ్లకి లివర్ దగ్గర చిన్న చక్రం తిప్పి దూరం తగ్గించుకునే వీలుంటుంది. అది లేకపోతే కేబుల్ సర్దించి క్లచ్ పట్టే చోటుని హ్యాండిల్‌కి కొంచెం దగ్గరగా తెప్పించుకోవచ్చు. మరీ వదులు చేయిస్తే క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు గరగరమంటాయి.

క్రూయిజర్ బండి అయితే కాళ్ళు పెట్టే ఫుట్ రెస్టులు ముందుకి ఉంటాయి. సీటు తక్కువగా ఉందన్న సంతోషంలో ఇది మర్చిపోతాం. వెనక బ్రేకుని పూర్తిగా తొక్కి చూడండి. తొక్కడానికి నడుము ముందుకి జరపాల్సి వస్తే ఆ బండి మీ కాళ్ళకి పొడుగు.

చివరిది, బండి దిగి పక్కన నిలబడి, న్యూట్రల్‌లో వెనక్కి పది అడుగులు తోయండి, మలుపు తిప్పి మళ్ళీ ముందుకి తెండి. సీటు వెనక భాగాన్ని తుంటికి ఆనించుకుని తోస్తే బండి మీ మీదకే వాలుతుంది, అవతలికి పడదు. మొదటి బండిని నేను ఒక్కసారి కూడా వెనక్కి తోసి చూడలేదు. ఇంటి ముందు చిన్న వాలు ఉంది, రోజూ ఎవరో ఒకరు సాయం చేసేవాళ్ళు. సాయం అడగాల్సి వచ్చిన ప్రతి పొద్దునా బండి తీయాలన్న ఇష్టం కొంచెం తగ్గింది. ఎవరి సాయమూ లేకుండా బయటికి తీయగలిగే బండినే మీరు రోజూ నడుపుతారు.

టెస్ట్ రైడ్ ఇస్తే నేరుగా పెద్ద రోడ్డుకి వెళ్ళకండి. పక్క వీధిలో పదిసార్లు కదిలి పదిసార్లు ఆగండి. ఇంజన్ ఎంత లాగుతుందో తర్వాత చూసుకోవచ్చు. ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండి దొరికితే అదే తీసుకోండి. కంగారులో బ్రేకు గట్టిగా పట్టేసే కొత్తవాళ్ళకి అది చేసే మేలు చాలా పెద్దది.

అందకపోతే అందించుకోవడం

బండి అంతా బాగుంది, ఒక్క రెండు సెంటీమీటర్లు తక్కువైందంటే దారులున్నాయి. వరస ముఖ్యం.

మొదట షూ. అడుగు మందంగా, చదునుగా, జారకుండా ఉండాలి, చీలమండ దాకా కప్పాలి. హీల్స్ వద్దు, ఫుట్ రెస్టు దగ్గర తట్టుకుంటాయి. నేను తీసుకున్న షూ అడుగు మూడు సెంటీమీటర్లు. ఆ ఒక్క మార్పుతో నా నిలబడే తీరే మారింది.

తర్వాత వెనక షాకబ్జర్ బిగింపు. చాలా బండ్లకి స్ప్రింగ్ కింద మెట్లు ఉన్న రింగు ఉంటుంది. తక్కువ బరువున్నవాళ్ళం కాబట్టి దాన్ని అన్నిటికన్నా మెత్తటి మెట్టుకి పెట్టించుకుంటే కూర్చున్నప్పుడు ఇంకో సెంటీమీటరు దిగొచ్చు. వెనక ఇంకొకర్ని ఎక్కించుకునే రోజున మళ్ళీ బిగించుకోవాలి.

ఆ తర్వాత సీటు. ఫోమ్ మొత్తం పల్చగా కోయించకండి, గంట నడిపేసరికి కింద ప్లాస్టిక్ తగిలి నడుము పట్టేస్తుంది. ముందు భాగంలో రెండు పక్కల అంచులు మాత్రం చెక్కించి సన్నబరచమని సీటు కుట్టేవాళ్ళకి చెప్పండి. ఎత్తు తగ్గకపోయినా కాళ్ళు నిలువుగా దిగుతాయి. కుదిరితే ఇంకో సీటు కొని దాన్ని చెక్కించండి, అసలు సీటు ఇంట్లో ఉంచుకోండి. కొన్ని మోడళ్ళకి కంపెనీయే తక్కువ ఎత్తు సీటు విడిగా అమ్ముతుంది, ముందు అది అడగండి.

బండినే కిందికి దించే లింకులు, పొట్టి షాకబ్జర్లు వేస్తామని కొందరు చెప్తారు. కొత్తవాళ్ళకి నేను వద్దంటాను. వెనక భాగం మాత్రమే దిగితే ముందు పైకి లేచినట్టయి హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది. హెడ్‌లైటు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొడుతుంది. సైడ్ స్టాండ్ అదే పొడుగులో ఉంటుంది కాబట్టి బండి ఒరగకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది, చిన్న గాలికో, ఎవరైనా తగిలితేనో అవతలికి పడిపోతుంది. స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతుంది. ముందు ఫోర్కులూ స్టాండూ అన్నీ కలిపి సరిచేస్తే తప్ప ఆ పని పూర్తయినట్టు కాదు. అంత చేయాల్సి వచ్చే బండి మీ మొదటి బండి కాదు.

ఒంటి కాలి మీద ఆగడం

బండి ఎంపికలో సగం ఈ అలవాటే. ఇది వస్తే మీరు ఎంచుకోగలిగే బండ్లు రెండింతలవుతాయి. అందుకే కొనకముందే ఎవరిదైనా తేలికపాటి బండి మీద ఇది నేర్చుకోమంటాను.

కొత్తవాళ్ళు ఆగేటప్పుడు ఇంకా పది అడుగులు ఉండగానే రెండు కాళ్ళూ కిందికి వేలాడేసి, నేలని వెతుక్కుంటూ వస్తారు. కుడి కాలు దిగిందంటే వెనక బ్రేకు పోయింది. ఇక ముందు బ్రేకు ఒక్కటే మిగులుతుంది, హ్యాండిల్ కాస్త వంకరగా ఉన్నప్పుడు దాన్ని గట్టిగా పట్టుకుంటే బండి ఆ వంకర వైపే కూలబడుతుంది.

అలా కాకుండా, కదులుతుండగానే గేర్లు దించుకుంటూ ఒకటో గేరుకి వచ్చేయండి. క్లచ్ పట్టే ఉంచండి. ఇక ఎడమ కాలికి వేరే పని లేదు. చివరి కొన్ని అడుగులు ముందు బ్రేకు మెల్లగా వదులుతూ వెనక బ్రేకుతో ఆగండి. హ్యాండిల్ నిటారుగా, చూపు దూరంగా. బండి ఆగబోయే ముందు తుంటిని ఎడమకి జరిపి, ఎడమ పాదాన్ని మాత్రమే దించండి. బండి ఎడమ వైపుకి ఒక వెంట్రుకవాసి ఒరిగి మీ కాలి మీద కూర్చుంటుంది. కుడి పాదం బ్రేకు మీదే ఉంటుంది, ఎత్తు మీద ఆగినా బండి వెనక్కి జారదు.

కాలు ఎక్కడ పెట్టబోతున్నారో ముందే చూసుకోండి. రోడ్డు నడిమధ్య కొంచెం ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తారు, నీళ్ళు పోవడానికి. ఎడమ పక్కన నడిచే దేశాల్లో మన ఎడమ కాలు పల్లం వైపు ఉంటుంది. అంచుకి మరీ దగ్గరగా వెళ్ళి ఆగకండి, అర మీటరు లోపలికి ఆగితే ఆ కాలికి ఎంతో సులువు. ఇసుక, ఆయిల్ మరక, తడిసిన తెల్ల గీతలు ఉన్న చోట పాదం జారుతుంది. పొడుగువాళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఆగగలరు. మనం ఆగే చోటుని ఎంచుకుని ఆగుతాం. నాకిప్పుడు ఇది ఆలోచించకుండానే జరిగిపోతుంది.

బండి నిలిపి ఉంచేటప్పుడూ ఇంతే. ముందు చక్రం పల్లానికి, గోడకి ఎదురుగా పెడితే తీసేటప్పుడు బరువంతా ఎత్తు మీదకి వెనక్కి లాగాలి. వెనక చక్రాన్ని పల్లం వైపు దింపి, గేరులో ఉంచి స్టాండ్ వేయండి.

పడితే

పడుతుందని తెలిసిన క్షణంలో, అంటే ఆ 15 డిగ్రీలు దాటేశాక, వదిలేయండి. కాలు పక్కకి తీసుకోండి. లివర్లు, ఇండికేటర్లు మళ్ళీ కొనొచ్చు. లెగ్ గార్డ్ ఉన్న బండి అయితే పూర్తిగా నేలకి చదును కాదు, కాలు ఇరుక్కునే ప్రమాదమూ తగ్గుతుంది. కొన్న రోజే వేయించుకోండి.

లేపడానికి చేతుల బలం మీద ఆధారపడకండి. ఇంజన్ ఆపండి. గేరులో ఉందో లేదో చూసుకోండి, గేరులో ఉంటే చక్రం దొర్లదు. కుడి వైపుకి పడి ఉంటే ముందే సైడ్ స్టాండ్ తెరిచి ఉంచండి. బండికి వీపు తిప్పి, సీటు అంచుకి తుంటిని ఆనించి గొంతుకూర్చున్నట్టు కిందికి దిగండి. హ్యాండిల్‌ని నేల వైపుకి పూర్తిగా తిప్పి ఆ గ్రిప్‌ని ఒక చేత్తో, వెనక పట్టుకునే కడ్డీని ఇంకో చేత్తో పట్టుకోండి. నడుము వంచకుండా, తొడలతో తోస్తూ వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయండి. మొదటి జానెడు కష్టం, ఆ తర్వాత తేలికవుతుంది. అవతలికి తోసేయకుండా చివర్లో నెమ్మదించండి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ చేత, పాత పరుపు మీద బండిని మెల్లగా పడుకోబెట్టి మొదటి రోజే ఇది చేయిస్తాను. 47 కిలోల అమ్మాయి 112 కిలోల బండిని ఒంటరిగా లేపింది. లేపాక కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, "ఇంకోసారి చేస్తానక్కా" అంది.

కొత్త బండే ఎందుకు

మొదటి బండి సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే నాకు సంతోషం. ఒకటి రెండు గీతలు ఎలాగూ పడతాయి, అప్పటికే ఉన్న గీతల పక్కన పడితే గుండె కలుక్కుమనదు. చూసేటప్పుడు క్లచ్ ఎంత బిరుసుగా ఉందో గమనించండి, బిరుసు క్లచ్ చిన్న చేతుల్ని అరగంటలో అలసటకి గురిచేస్తుంది. కేబుల్ మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. సైడ్ స్టాండ్ వంగిపోయి బండి మరీ ఎక్కువ ఒరిగి నిలబడుతుంటే అది కూడా సరిచేయించాలి, లేకపోతే దాన్ని నిటారుగా లేపడానికే మీ బలమంతా పోతుంది. షాకబ్జర్లు మార్చారా, బండిని దించారా అని అడగండి.

బండి తీసుకున్నాక మొదటి రెండు నెలలు వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి, ఇంట్లోవాళ్ళు ఎంత అడిగినా. వెనక మనిషి కదిలితే ఆ కదలికంతా మీ ఒక్క కాలి మీదకే వస్తుంది. ఎక్కించుకునే రోజు వచ్చినప్పుడు, మీరు కాలు బాగా నిలదొక్కుకుని, బ్రేకు పట్టుకుని "ఎక్కు" అన్నాకే ఎక్కాలి, మీరు చెప్పాకే దిగాలి.

తీసుకున్న రోజు ఇంటికి వచ్చే దారి గురించి కూడా ఒక మాట. సాయంత్రం రద్దీలో డెలివరీ తీసుకోకండి. పొద్దున్నే వెళ్ళండి. ఎత్తులు, ఇరుకు మలుపులు లేని దారి ముందురోజే చూసి పెట్టుకోండి. ఇంకొకరు వాళ్ళ బండి మీద మీ వెనక వస్తే చాలు, మీ బండిని మాత్రం మీరే నడపండి. బయల్దేరే ముందు ఆ వీధిలోనే ఇరవై సార్లు కదిలి, ఇరవై సార్లు ఎడమ కాలు మీద ఆగండి. ఇరవయ్యోసారికి పాదం తనంతట తానే సరైన చోట దిగుతుంటుంది. అప్పుడు పెద్ద రోడ్డు ఎక్కండి.